వెనక్కి నడపడం

ఆ ఏడు మంచు ఏప్రిల్ చివరిదాకా కరగలేదు. రేకుల షెడ్డు తలుపు ముందు పేరుకున్న మంచు గట్టిపడి, మురికిపట్టి, ఎవరో తోలించి వదిలేసిన కంకరగుట్టలా ఉండేది. రోజూ బడి నుంచి వచ్చి కారు దిగుతూ దాన్ని చూసేదాన్ని. అది ఉన్నంతకాలం షెడ్డు తలుపు తెరవక్కర్లేదు. తలుపు తెరవనంతకాలం లోపలున్న క్యాంపింగ్ ట్రైలర్ సంగతి తేల్చక్కర్లేదు. అలాగే కరక్కుండా ఉండిపోతే బాగుండునని ఒకటి రెండుసార్లు అనుకున్నాను కూడా.

నా భర్త మైరాన్ ఫిబ్రవరిలో పోయాడు.

కూతురు రొక్సానా సాస్కటూన్‌లో కాలేజీ మొదటి ఏడాది ముగించుకుని ఇంటికొచ్చిన సాయంత్రం, బూట్లు విప్పుతూనే అడిగింది. "షెడ్డు ముందు మంచు ఎవరూ తియ్యలేదేం?"

"ఎవరు తియ్యాలి?" అన్నాను.

"మేలో మూడ్రోజుల సెలవులకి సరస్సుకి వెళ్ళమా మరి?"

వెళ్ళం అందామనుకున్నాను. బీట్‌రూట్ చారు గిన్నెల్లో పోస్తున్నాను కాబట్టి అది అడ్డం పెట్టుకుని ఊరుకున్నాను. బల్ల చివర కూర్చున్న మైరాన్ తండ్రి, వాసిల్ మావయ్య, ఒక చెంచాడు రుచి చూసి, చెంచా కింద పెట్టి, బల్ల కిందికి వంగారు. అక్కడ మా ముసలి కుక్క సిర్కో పడుకుని ఉంది.

"సిర్కో, మీ యజమానురాలితో చెప్పు. చారులో ఉప్పు లేదు."

ఉప్పు డబ్బా ఆయన వైపు జరిపాను.

రొక్సానా మా ఇద్దరి ముఖాలూ చూసింది. "ఇదేంటి? నేను వెళ్ళినప్పట్నుంచీ ఇలాగేనా?"

"సిర్కోకి ఏం ఇబ్బంది లేదు" అన్నాను.

మైరాన్ గొడ్లపాక ముందు మంచు ఎత్తిపోస్తూ పడిపోయాడు. రెజీనాలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. అతని బదులు ఊపిరి యంత్రమే తీసుకునేది. వారం గడిచాక డాక్టరు మమ్మల్ని కిటికీ లేని ఒక చిన్న గదిలోకి పిలిచాడు. ఇక లేచే ఆశ లేదన్నాడు. యంత్రం తీసేయమంటారా అని అడిగాడు. అడిగింది నన్ను. భార్య ఉండగా తండ్రిని అడగరట. మావయ్య కుర్చీలో కూర్చోలేదు, టోపీ చేత్తో పట్టుకుని తలుపు పక్కనే నిలబడ్డారు. "ఆదివారం దాకా ఆగుదాం" అన్నారు. ఆ రోజు గురువారం. మైరాన్ చేతులు ఉబ్బిపోయి, అంతకు ముందురోజే అతని వేలికున్న పెళ్ళి ఉంగరాన్ని కోసి తియ్యాల్సి వచ్చింది. "ఆగలేం మావయ్యా" అన్నాను. అది తప్పని అప్పుడు అనుకోలేదు. ఇప్పుడూ అనుకోను. కాని ఆ గదిలోంచి బయటికొచ్చినప్పట్నుంచీ ఆయన నాతో మాట్లాడలేదు.

ఏం చెప్పాలన్నా సిర్కోకే చెప్పేవారు. పొయ్యిలో కట్టెలు అయిపోయాయని సిర్కోకి చెప్పేవారు. ఫాదర్ పావ్లో ఫోన్ చేశాడని సిర్కోకి చెప్పేవారు. జూన్‌లో, పొలాల్లో విత్తడం అయిపోయాక, చిన్నకొడుకు పెట్రో ఎడ్మంటన్ నుంచి వస్తాడనీ, అతనితో కలిసి తను వెళ్ళిపోతాననీ కూడా సిర్కోకే చెప్పారు. నేను గిన్నెలు తోముతూ విన్నాను.

మేముంటున్న ఇల్లు ఆయన కట్టింది. వంటింటి అరల తలుపులు ఆయన చేత్తో చిత్రిక పట్టినవి. ఆయన దాన్ని విడిచి వెళ్ళిపోతే అందులో ఉండటానికి నాకు మొహం చెల్లదు. ఊళ్ళో బడి పక్కన ఏ అద్దె వాటాలోకో మారాలి. రొక్సానాకి సెలవుల్లో రావడానికి ఇల్లంటూ ఉండదు. ఇవేవీ నేను రొక్సానాకి చెప్పలేదు. వచ్చిన రెండో రోజుకల్లా తనే పోగుచేసుకుంది.

"గీదోని సరస్సుకి తీసుకెళ్దాం" అంది. తాతని తను గీదో అంటుంది. మా వైపు పిల్లలందరూ అలాగే అంటారు. "ఆ ట్రైలర్‌లో ముగ్గురం పడుకుంటే ఒకరు పక్కకి తిరగాలన్నా మిగతా ఇద్దరూ లేవాలి. అందులో ఎన్ని రోజులు మాట్లాడకుండా ఉంటాడో నేనూ చూస్తా."

"ట్రైలర్ ఎవరు లాక్కెళ్తారు?"

"నువ్వే."

"నాకు ముందుకి లాగడమే భయం. వెనక్కి నడపడం అసలు రాదు."

"నేర్చుకో. నాలుగో తరగతి పిల్లలకి భాగహారం నేర్పుతావు కదా. వాళ్ళు మాత్రం అది నేర్చుకుని పుట్టారా?"

నాకు అప్పుడు దేనికీ ఓపిక ఉండేది కాదు. కాదనడానికి కూడా ఓపిక కావాలి. సరే అన్నాను.

*

మర్నాడు రొక్సానా పారతో మంచు తవ్వి షెడ్డు తలుపు తీసింది. లోపల చల్లదనం ఇంకా జనవరిలాగే ఉంది. ట్రైలర్ గడప మీద మైరాన్ పెట్టిన సబ్బుముక్కలు అలాగే ఉన్నాయి. ఆ వాసనకి ఎలుకలు రావని అతని నమ్మకం. ఎలుకలు శుభ్రంగా వచ్చాయి. చెంచాల సొరుగు లాగితే బూడిదరంగు ఉన్నితో అల్లిన గూడు కనిపించింది. ఒకవైపు అంచు మాత్రం కొరక్కుండా మిగిలింది. చేపలవేటకి మైరాన్ పెట్టుకునే టోపీ అది.

రొక్సానా దాన్ని రెండు చేతుల్లోనూ పట్టుకుని నిలబడింది.

"ఇంత సబ్బు పెట్టింది వాటికి స్నానానికి పనికొచ్చినట్టుంది" అంది. గొంతు బాగానే ఉంది. కళ్ళు నా వైపు తిప్పలేదు.

"అక్కడ పెట్టు. తర్వాత చూద్దాం" అన్నాను.

మా దగ్గర చలికాలంలో గొట్టంలో దోసెడు నీళ్ళు మిగిలినా గడ్డకట్టి గొట్టాన్ని చీల్చేస్తాయి. అందుకని అక్టోబరులో ట్రైలర్‌లోని నీళ్ళన్నీ దించేసి, గొట్టాల నిండా గులాబీరంగు మందు ఎక్కిస్తాం. పొరపాటున కడుపులోకి పోయినా ప్రాణానికేం కాదు గాని, చేదు. ఆ పని తండ్రీకొడుకులదే. మైరాన్ బయట పంపు దగ్గర కూర్చునేవాడు. మావయ్య లోపల కొళాయిలు ఒక్కొక్కటీ తిప్పుతూ, రంగు కనిపించగానే "వచ్చింది!" అని అరిచేవారు. ఎవరో పెళ్ళివారు వచ్చినట్టు అరిచేవారు. వసంతంలో మళ్ళీ మంచినీళ్ళు ఎక్కించి ఆ మందంతా బయటికి తోసేసేటప్పుడు "పోయింది!" అనేవారు.

ఈసారి పంపు దగ్గర రొక్సానా కూర్చుంది. నేను లోపల వంట కొళాయి తిప్పాను. కాసేపు గాలి దగ్గింది. తర్వాత సన్నగా, చిక్కగా గులాబీరంగు ధార మొదలైంది.

మైరాన్ అక్టోబరులో ఎక్కించిన మందు అది. అప్పుడు వానజల్లు పడుతోంది. పని అయ్యాక చేతులు తుడుచుకుంటూ వంటింట్లోకి వచ్చి, "ఇక మే దాకా దీన్ని మర్చిపోవచ్చు" అన్నాడు. ఆ ధార తొట్టిలో పడి, తిరిగి, కన్నంలోకి పోతోంది. చూస్తూ నిలబడ్డాను.

"తెల్లగా వస్తోందా అమ్మా?" బయట్నుంచి రొక్సానా కేకేసింది.

"ఇంకా లేదు."

రంగు పలచబడింది. దోసిలి పెట్టి చూస్తే ఉందీ లేదన్నట్టుంది. తర్వాత లేదు.

"ఇప్పుడూ?"

"ఇంకా లేదు" అన్నాను.

షెడ్డు గుమ్మంలో వెలుగుకి అడ్డంగా మావయ్య నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో తెలియదు. ట్రైలర్ కిటికీలోంచి ఆయన వీపే కనిపిస్తోంది. "పోయింది" అని ఆయన అంటారేమోనని క్షణం చూశాను. సిర్కోని వెంటబెట్టుకుని వాకిట్లోకి వెళ్ళిపోయారు.

అన్నం దగ్గర రొక్సానా సూటిగానే అడిగింది. "గీదో, సెలవుల ముందు శుక్రవారం బయల్దేరతాం. నువ్వూ వస్తున్నావు."

ఆయన రొట్టె తుంచుకుంటూ బల్ల కిందికి చూశారు. "సిర్కో, విన్నావా? బండిని ముందుకి ఎవరైనా నడుపుతారు. గానుగెద్దు కూడా ముందుకే నడుస్తుంది. సరస్సు దగ్గర ట్రైలర్ని చెట్ల మధ్యకి వెనక్కి పెట్టాలి. అది రాని వాళ్ళ బండి నేనెక్కను."

"వస్తే ఎక్కుతావా?"

"నేను సిర్కోతో మాట్లాడుతున్నా."

"సిర్కోయే అడుగుతోంది."

ఆయన రొట్టె నమిలి మింగేదాకా ఆగి, "ఎక్కుతా" అన్నారు. "మన వాకిట్లోనే, నా కళ్ళముందు పెట్టి చూపించాలి."

*

నాకు నేర్పడానికి ఒప్పుకున్నది జినెట్. మా పక్క పొలం ఆవిడ. అరవై దాటాయి. భర్త పోయి చాలా ఏళ్ళయింది. తన ట్రైలర్ తనే లాక్కుంటూ వేసవంతా తిరుగుతుంది. ఆదివారం మా బడి ముందున్న ఖాళీస్థలానికి రమ్మంది. పిల్లల బంతాటకి వాడే నారింజరంగు ప్లాస్టిక్ కోన్లు నాలుగు తెచ్చి నేలమీద పెట్టాను.

"ఏవమ్మా టీచరమ్మా, స్టీరింగ్ చక్రాన్ని అలా మెడ పిసికినట్టు పట్టుకున్నావేం? వదులు. ఒక్క చెయ్యి చాలు. అడుగున పట్టుకో. ఆఁ. ఇప్పుడు ట్రైలర్ తోక ఎటు పోవాలో చెయ్యి అటు జరుపు. అంతే."

అంతే అనుకున్నాను. చెయ్యి ఎడమకి జరిపాను. ట్రైలర్ ఎడమకే తిరిగింది. సంతోషించేలోపు ఇంకా తిరిగింది. పికప్ ట్రక్కు ఒకవైపు, ట్రైలర్ ఒకవైపు, మడతపెట్టిన కత్తెరలా అయ్యాయి.

"ఆపు, ఆపు! ముందుకి పోనీ. తిన్నగా చేసుకో. మళ్ళీ." జినెట్ కిటికీ దగ్గరికి వచ్చి సిగరెట్ వెలిగించింది. "చూడూ, తోక తిరగడం మొదలెట్టిందంటే నువ్వు వెంటనే దాని వెనకాలే పోవాలి. ఇంకా తిరగనిద్దాం, ఇంకా తిరగనిద్దాం అనుకుంటే మీద పడుతుంది. మా ఆయనకి చచ్చేదాకా ఇది తెలియలేదు. చచ్చాక నేను నేర్చుకున్నా."

రెండో ఆదివారానికి కోన్లు పడిపోవడం తగ్గింది. బడి కిటికీలోంచి శుభ్రం చేసే మనిషి చూసి చప్పట్లు కొట్టాడు. నాకు మెడ పట్టేసింది. సాయంత్రానికి చేతులు ఎత్తలేకపోయేదాన్ని. కాని ఆ అలసట వేరు. ఆ రాత్రులు నిద్రపట్టింది.

"ఇంకొకటి చెప్తా విను" అంది జినెట్. "వెనకాల నిలబడి దారి చూపించే మనిషి నీకు అద్దంలో కనపడాలి. కనపడకపోతే ఆగు. ఎందుకూ ఏమిటీ అనుకోకు, ఆగిపో. ఇక ఆగమని చెప్పడానికి మీ ఇద్దరికీ ఒకే ఒక్క మాట ఉండాలి. ఇంకెక్కడా వాడని మాట. మీ ఇంట్లో ఏమంటారు?"

"మైరాన్‌కి వాళ్ళ నాన్న గుర్రాల్ని ఆపే మాట అనేవారు. త్ప్రూ అని."

జినెట్ పొగ మింగి దగ్గింది. "అవునవును! సరస్సు దగ్గర విన్నా! ఏటా అందరూ కుర్చీలు వేసుక్కూచునేవాళ్ళం, మీ ముసలాయన మైరాన్‌ని త్ప్రూ అంటుంటే విందామని. పిల్లలు ఆ మూడ్రోజులూ ఒకళ్ళనొకళ్ళు అదే అనుకునేవాళ్ళు." నవ్వాపుకుని నా వైపు చూసింది. "మరి నీకేమంటాడు?"

"నాకు ఏమీ అనరు" అన్నాను.

ఆ మధ్యలోనే ఈస్టర్ వచ్చింది. మా చర్చి పాటించే పాత పంచాంగం ప్రకారం ఆ ఏడు బాగా ఆలస్యం. తెల్లవారుజామున గుడి చుట్టూ తిరిగి, బుట్టలో రొట్టె, రంగు గుడ్లు దీవెన చేయించుకుని ఇంటికి తెచ్చాం. ఆ రోజు ఎవరు ఎదురుపడ్డా పలకరింపు ఒకటే. "క్రీస్తు లేచాడు" అంటే "నిజంగా లేచాడు" అని బదులు చెప్పి తీరాలి. శత్రువు పలకరించినా చెప్పాలి.

బల్ల దగ్గర ఆయనకెదురుగా నిలబడి, "క్రీస్తు లేచాడు మావయ్యా" అన్నాను.

ఆయన దవడ కదిలింది. రొక్సానా కత్తి పట్టుకుని రొట్టె కొయ్యకుండా చూస్తోంది. ఆయన చూపు బుట్టలోని గుడ్ల మీదికి పోయింది.

"నిజంగా లేచాడు" అన్నారు గుడ్లతో.

మరుసటి ఆదివారం సమాధుల దగ్గరికి వెళ్ళాం. మైరాన్ మట్టి ఇంకా కుదురుకోలేదు. రాయి పెట్టించలేదు. ఫాదర్ పావ్లో పాడుతూ తడి గడ్డిలో సమాధి నుంచి సమాధికి నడుస్తున్నాడు. మావయ్య మోకాళ్ళ మీద వంగి మట్టిలో ఎర్ర గుడ్డు ఒకటి అదిమి పెట్టారు. "నీ పెళ్ళాం ట్రైలర్ బయటికి తీసిందిరా" అని చెప్పారు. ఇంకేమైనా అంటారని ఆగాను. చేతికంటిన మట్టి దులుపుకుంటూ లేచారు.

*

శుక్రవారం బడి వదలగానే బయల్దేరాలి. గురువారం సాయంత్రం వాకిట్లో పరీక్ష.

మావయ్య పాతకాలపు పాల క్యాన్లు రెండు దొర్లించుకుంటూ వచ్చి, సరస్సు దగ్గర రెండు చెట్లకి మధ్య ఉండేంత దూరంలో నిలబెట్టారు. దూరం అడుగులతో కొలవలేదు. కళ్ళు చికిలించి చూసి, ఒకదాన్ని కాలితో కాస్త జరిపారు. వాటి వెనకాల మార్టిన్ అనే వలసపిట్టల గూడు, ఎత్తు స్తంభం మీద. మైరాన్ బళ్ళో చదివేటప్పుడు వడ్రంగం తరగతిలో చేసింది. తెల్ల రంగు, అంతస్తులు, వరసగా గుండ్రటి గుమ్మాలు. ఆ వారమే పిట్టలు దక్షిణాదినుంచి తిరిగొచ్చి అందులో దిగాయి.

జినెట్ మడతకుర్చీ చంకన పెట్టుకుని వచ్చింది.

"నువ్వెందుకొచ్చావు?" అన్నారు మావయ్య.

"టీవీలో ఏమీ లేదు" అని కుర్చీ వేసుకుంది. "కానీ టీచరమ్మా. పరువు తీయకు. నా దగ్గర నేర్చుకున్నావని ఊరంతా చెప్పా."

దారి చూపించడానికి రొక్సానా వెనక నిలబడింది. మావయ్య కుడివైపు, షెడ్డు గోడకానుకుని, సిర్కో పక్కన. ఆయన నాకు కుడి అద్దంలో కనిపిస్తున్నారు. చేతులు కట్టుకుని ఉన్నారు.

మొదటిసారి ట్రైలర్ వంకరగా వచ్చింది. ముందుకి తీసి మళ్ళీ మొదలెట్టాను. రెండోసారి ఎడమ క్యాను డంగుమని పడి దొర్లింది. సిర్కో మొరిగింది.

"అది లెక్కలోకి రాదు, క్యాను కదిలింది!" జినెట్ అరిచింది.

"క్యాను దానంతటది కదల్లేదు" అన్నారు మావయ్య, ఎవరితోనో.

మూడోసారి చెయ్యి అడుగున పెట్టి నెమ్మదిగా జరిపాను. తోక తిరిగింది. వెంటనే దాని వెనకాలే పోయాను. రెండు అద్దాల్లోనూ పక్కలు సమానంగా కనిపించాయి. రొక్సానా ఎడమ క్యానుకేసే చూస్తూ రా, రా అని చేతులూపుతోంది. జినెట్ కుర్చీలోంచి లేచింది. ఈసారి వస్తోంది. వచ్చేస్తోంది అనుకున్నాను. అందరం నేలకేసే చూస్తున్నాం.

"త్ప్రూ!"

కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. సీటుబెల్టు నా గుండె మీద బిగుసుకుంది. కుడి అద్దంలో మావయ్య రెండు చేతులూ పైకెత్తి ఉన్నారు. టోపీ కింద పడింది.

ఇంజన్ ఆపి దిగాను. ట్రైలర్ వెనక పైమూలకీ పిట్టలగూడు స్తంభానికీ మధ్య చెయ్యి పట్టేంత ఖాళీ కూడా లేదు. ఇంకొంచెం వస్తే స్తంభం విరిగేది. లోపల పిట్టలు గోల చేస్తున్నాయి. కుడి క్యాను కూడా ఎప్పుడో పడిపోయి ట్రైలర్ కింద ఉంది.

 మావయ్య టోపీ తీసుకోకుండానే నడుచుకుంటూ వచ్చారు. గూడుకేసి చూశారు. పడి ఉన్న క్యానుకేసి చూశారు. తర్వాత నాకేసి చూశారు. ఫిబ్రవరి తర్వాత ఆయన కళ్ళు అంత దగ్గరగా నేను చూడలేదు. అంచులు ఎర్రగా ఉన్నాయి.

"ఆగమంటే ఆగుతావన్నమాట" అన్నారు.

జవాబు వెతుక్కున్నాను. చాలా వచ్చాయి. అన్నీ పక్కన పెట్టాను.

"ఇప్పుడు ఆగడానికి వీలుంది మావయ్యా" అన్నాను.

ఆయన తల కొద్దిగా ఊగింది. ఒప్పుకున్నట్టు కాదు, విన్నట్టు. పిట్టలు సద్దుమణిగేదాకా అక్కడే నిలబడ్డారు. తర్వాత ట్రైలర్ పక్కని అరిచేత్తో, గుర్రం డొక్క తట్టినట్టు తట్టారు.

"ఎక్కు. ముందుకి పోనీ. నేను చెప్పినప్పుడు చక్రం తిప్పు. పైకి చూసేవాళ్ళు ఒకరుండాలి."

సిర్కో ఆయన ముఖంలోకీ నా ముఖంలోకీ మార్చి మార్చి చూసింది.

"పాపం సిర్కో" అంది రొక్సానా. "ఉద్యోగం పోయింది."

"పింఛనిప్పించండి దానికి" అని జినెట్ కుర్చీ మడతపెట్టింది.

*

మర్నాడు బడి నుంచి వచ్చేసరికి ఆయన పికప్ ముందుసీట్లో కూర్చుని ఉన్నారు. పరీక్ష నెగ్గానో లేదో ఎవరూ ఎత్తలేదు. గడ్డం గీసుకున్నారు. ఒళ్ళో సాసేజిలు, ఉడికించిన పెరోగీ కుడుములు కట్టిన మూట. ఎప్పట్నుంచి అలా కూర్చున్నారని రొక్సానాని అడిగితే, "మధ్యాహ్నం అన్నం కూడా అందులోనే తిన్నాడు" అంది.

గాలి ఎదురుగా కొడుతోంది. పికప్ వెనక ఆ బరువు మెల్లగా అటూ ఇటూ తూగుతూ వస్తోంది. రొక్సానా వెనకసీట్లో సిర్కో మీద తల పెట్టి నిద్రపోయింది. రోడ్డుకి రెండువైపులా విత్తే యంత్రాలు దుమ్ము లేపుతూ తిరుగుతున్నాయి. చాలాదూరం ఆయన పొలాలే చూశారు.

"ఆదివారం ఏమీ లేదు" అన్నారు ఉన్నట్టుండి.

నేను రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"అందరూ అనుకుంటున్నారు, ఆదివారం పూజ కోసమో దేనికోసమో అన్నానని. ఏమీ లేదు. ఆ డాక్టరు అడిగేసరికి ఏదో ఒకటి అనాలి కదా. నోటికొచ్చిన రోజు అది." మూట ముడి విప్పి మళ్ళీ వేశారు. "సోమవారం అని వచ్చినా అదే అందును."

"నాకు తెలీదు మావయ్యా."

"నాకు మాత్రం తెలుసా అప్పుడు" అన్నారు.

సరస్సు దగ్గర అందరూ కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ట్రైలర్ని రెండు చెట్ల మధ్యకి చేర్చడానికి చాలాసేపు పట్టింది. ఆయన మూడుసార్లు త్ప్రూ అన్నారు. నేను మూడుసార్లూ ఆగాను. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

జూన్‌లో పెట్రో ఎడ్మంటన్ నుంచి వచ్చాడు. నాలుగు రోజులుండి, అటక మీదున్న తన పాత హాకీ సామాను కారులో వేసుకుని, ఒక్కడే తిరిగి వెళ్ళాడు. మావయ్య వాకిట్లో నిలబడి చెయ్యి ఊపారు. ఆ తర్వాత మరి నాలుగేళ్ళు ఆయన మా ఇంట్లోనే, తన ఇంట్లోనే ఉన్నారు.

కాని ఆ వసంతం అనగానే నాకు ముందు గుర్తొచ్చేది సరస్సు దగ్గర మొదటి ఉదయం. రొక్సానా ఇంకా లేవలేదు. బయట సన్నగా మంచు రాలుతోంది, మే సెలవుల్లో ఏటా రాలినట్టే. కళ్ళు తెరిచేసరికి మావయ్య అప్పటికే స్టవ్ వెలిగించి టీ పెట్టారు. పొయ్యి మీద నీళ్ళు తొందరగా కాగుతాయని వేడినీళ్ళ కొళాయి తిప్పి కెటిల్ నింపారట. రెండు కప్పుల్లో పోసి ఒకటి నా ముందు పెట్టారు. ఆయన నాకు టీ పెట్టివ్వడం అంతకుముందు ఎన్నడూ లేదు.

ఒక గుక్క తాగాను. చేదు. టీ చేదు కాదు. అప్పుడు వెలిగింది నాకు. షెడ్డులో నేనూ రొక్సానా చన్నీళ్ళ కొళాయిలన్నీ కడిగాం. వేడినీళ్ళ వైపు తిప్పనే లేదు. ఆ గొట్టాల్లో అక్టోబరు మందు అలాగే ఉండిపోయింది. ఆయనకి చూపు తక్కువ, మసక వెలుతుర్లో రంగు కనిపించి ఉండదు.

"మావయ్యా, తాగకండి. మందు కలిసింది. పారబోసి మళ్ళీ పెడతా" అని రెండు కప్పులూ అందుకుంటూ లేచాను.

ఆయన అప్పటికే ఒక గుక్క నోట్లో ఉంచుకుని, తల వంచి, రుచి చూస్తున్నట్టున్నారు. మింగారు. తన కప్పు మీద చెయ్యి అడ్డంగా పెట్టారు.

"ఆగమ్మాయ్" అన్నారు. "వాడు పోసిందేగా."

ఆగాను.